పైసలున్నోళ్లకే తలుపా?

మా వాడల్లో బొంబాయి పోని ఇల్లు లేదు. పాలమూరు లేబరంటే దేశమంతా ఎరుకే. డ్యాములు కట్టింది వాళ్లు, రోడ్లు పోసింది వాళ్లు, పట్నాల్లో మేడలు లేపింది వాళ్లు. కానీ ఆ పనికాడికి పొద్దున ఎట్ల పోతరు, రాత్రి ఎట్ల తిరిగొస్తరు అనేది మన మీటింగుల్లో ఎన్నడన్నా మాట్లాడుకున్నమా? కూలి రేట్ల మీద మాట్లాడినం. మేస్త్రీల మోసాల మీద కరపత్రాలు వేసినం. రైలు డబ్బా తలుపు మీద ఒక్క మాట అనలేదు. అది మన తప్పే.

డిసెంబరు 6న దాదర్ చైత్యభూమికి పోయినప్పుడల్లా మేము లోకల్ రైలు ఎక్కుతున్నం. ఆ డబ్బాకు తలుపు లేదనుకునేరు. ఉన్నది. పక్కకు జరిపే ఇనుప తలుపే ఉన్నది. కానీ దాన్ని మూయరు. మూసే జాగా ఉండదు. వాకిట్ల నడుమ ఒక ఇనుప కడ్డీ ఉంటది. దాన్ని పట్టుకున్నోడు అదృష్టవంతుడు. వాని భుజం పట్టుకున్నోడు ఇంకొకడు. ఆ వెనక సగం పాదం లోపల, సగం గాలిలో పెట్టుకొని మరొకడు. బండి ఒక్కో స్టేషన్లో అర నిమిషం కూడా ఆగదు. వెనక మూడు నాలుగు నిమిషాల్లో ఇంకో బండి తరుముకుంటూ వస్తుంటది. ఈ అర నిమిషంలోనే దిగేటోళ్లు దిగాలి, ఎక్కేటోళ్లు ఎక్కాలి. మొదటిసారి మేము దిగాల్సిన స్టేషన్ దాటిపోయి రెండు స్టేషన్ల అవతల దిగినం. మాతో ఉన్న మన మక్తల్ దిక్కు పిల్లగాడు నవ్విండు. "సారూ, లోపలికి పోతే దిగలేం. బయట నిలబడితే ఎప్పుడు పోతమో తెల్వది. మేము బయటనే నిలబడుతం, పని పోతే ఎట్ల?" అన్నడు. పదో తరగతి మధ్యలో ఆపేసిన పిల్లగాడు. మేము డిగ్రీలు చదివి చెప్పలేని సంగతి రెండు ముక్కల్లో చెప్పిండు.

ముంబై లోకల్ రైళ్లలో రోజుకు 70 లక్షల మందికి పైగా తిరుగుతరు. ఒక్క 2023లోనే ఆ లైన్ల మీద 2,590 మంది చనిపోయిన్రని బొంబాయి హైకోర్టు ముందుకు లెక్క వచ్చింది. అంటే రోజుకు ఏడుగురు. పట్టాలు దాటుతూ పోయినోళ్లు, నడుస్తున్న బండి నుంచి జారిపడ్డోళ్లు అందరూ ఆ లెక్కలోనే ఉన్నరు. మనుషుల్ని పశువుల లెక్క తోలుకపోవడం సిగ్గుచేటని 2024 జూన్‌లో ఆ కోర్టే అన్నది. ఏడాది తిరిగింది. 2025 జూన్ 9, సోమవారం పొద్దున పనికి పోయే వేళ, ముంబ్రా స్టేషన్ దగ్గర మలుపులో ఎదురెదురుగా పోతున్న రెండు బండ్ల ఫుట్‌బోర్డుల మీద వేలాడుతున్న 13 మంది కిందపడిన్రు. నలుగురు ఆ రోజే పోయిన్రు. అందులో ఒకరు రైల్వే పోలీసు కానిస్టేబులే.

తర్వాత ఏమైందో చూడండి. ఎవరిదో వీపు మీది బ్యాగు తగిలి పడిన్రని రైల్వే వాళ్లు చెప్పిన్రు. అంటే తప్పు బ్యాగుది, బ్యాగు వేసుకున్న కూలోడిది! రైల్వే పోలీసులేమో పట్టాల పని సరిగ లేదని 2025 నవంబరులో ఇద్దరు ఇంజనీర్ల మీద కేసు పెట్టిన్రు. దాని మీద రైల్వే ఉద్యోగులు పని ఆపి కూర్చున్నరు. ఎవరి మాట నిజమో కోర్టు తేల్చాలి. మేమడిగేది ఒక్కటే. బ్యాగే తగిలిందనుకుందాం. ఆ మనిషి బ్యాగుతో సహా బయట ఎందుకు వేలాడుతున్నడు? సరదాకా?

ప్రమాదం జరిగిన్నాడే రైల్వే బోర్డు ప్రకటన చేసింది. ముంబై లోకల్ కోసం కొత్తగా తయారుచేసే బండ్లన్నిటికీ తమంతట తామే మూసుకునే తలుపులు పెడతమన్నరు. ఏసీ లేని బండ్లకు కూడా తలుపులు వస్తయి, గాలి ఆడేందుకు తలుపులకు చీలికలు పెడతం, పైకప్పు మీద గాలి మిషన్లు బిగిస్తం, ఒక డబ్బాలో నుంచి ఇంకో డబ్బాలోకి నడిచి పోయే దారి పెడతం అన్నరు. 2026 జనవరి కల్లా మొదటి బండి నడుపుతమని మాట ఇచ్చిన్రు.

మంచిదే. కానీ ఈ తలుపు ఇంతకుముందే ఉన్నది కదా! 2017 డిసెంబరు 25న ముంబైలో మొదటి ఏసీ లోకల్ నడిచింది. దానికి తలుపులున్నయి. ఒక్క తలుపు సరిగ పడకపోయినా బండి కదలదు. అదే ఏడాది నవంబరులో మన హైదరాబాదులో మెట్రో వచ్చింది. దానికీ అంతే. అదే హైదరాబాదులో 2003 ఆగస్టు నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ మాత్రం తెరిచిన వాకిలితోనే ఉరుకుతున్నది. ఇండ్లల్ల పనిచేసే అమ్మలు, సెక్యూరిటీ గార్డులు, అడ్డా మీది కూలీలు ఎక్కేది దాన్నే. ముంబైలో సెకండ్ క్లాసు టికెట్టు 5 రూపాయల నుంచి మొదలైతది. ఏసీ బండిలో, 2022లో రేటు సగానికి తగ్గించినంక కూడా, 35 రూపాయల నుంచి మొదలైతది. చల్లగాలికి ఎక్కువ తీసుకుంటే తీసుకోండి. ప్రాణం కాపాడే తలుపును ఆ చల్లగాలితో కలిపి మూటగట్టి అమ్ముడేంది? ఊరి బావి కాడ నీళ్ల సంగతి తెలిసినోళ్లకు ఈ లెక్క మళ్లీ చెప్పాల్సిన పనిలేదు.

ఇంజనీర్లు చెప్పే జవాబు కూడా మేము విన్నం. అది ఉత్త సాకు కాదు. ఏసీ లేని డబ్బాలో అంతమందిని కుక్కి తలుపు మూస్తే ఊపిరాడదు. తలుపు నడుమ ఒకని సంచి ఇరుక్కుంటే బండి కదలదు. అది కదలకపోతే వెనకొచ్చే బండ్లన్నీ ఆగుతయి. ఇది నిజం. అందుకే "తలుపులు పెట్టండి" అని ఒక్క నినాదమిచ్చి ఊరుకునే మన మిత్రులతో మాకు పేచీ ఉన్నది. బండ్లు పెంచకుండా, డబ్బాలు పెంచకుండా తలుపులు మాత్రం మూస్తే ఏమైతది? ఇవాళ వేలాడేటోడు రేపు ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతడు. గంట ఆలస్యమైతే సగం రోజు కూలి కోస్తరు. ప్రాణం దక్కింది, పొట్ట కాలింది అన్నట్టయితది. 12 డబ్బాల బండిని 15 డబ్బాలు చేయడం వాళ్లకు చేతనైన పనే, కొన్ని బండ్లకు చేసిన్రు కూడా. పదిహేను డబ్బాలు, ఎక్కువ బండ్లు, పాత రేటుకే తలుపు. ఈ మూడూ కలిపి అడగాలె.

ఇక మన సంఘాల వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటున్నది. ఫుట్‌బోర్డు మీద నిలబడినోడిదే తప్పని, ఏమీ రాదని చెప్పి మనోళ్లను స్టేషన్ల నుంచే ఎల్లగొడతరు. 1989 రైల్వే చట్టం 156వ సెక్షన్ చూపిస్తరు. హెచ్చరించినా వినకుండా ఫుట్‌బోర్డు మీద పోతే మూడు నెలల జైలు, 500 రూపాయల జరిమానా దాకా ఉన్నమాట నిజమే. అదే చట్టంలో 124-ఎ సెక్షన్ కూడా ఉన్నది. దాన్ని మాత్రం చూపించరు. ప్రయాణికుడు బండి నుంచి ప్రమాదవశాత్తు పడితే, రైల్వే తప్పున్నా లేకున్నా నష్టపరిహారం ఇవ్వాల్సిందే. ఆత్మహత్య, తనకు తానే చేసుకున్న గాయం, తాగిన మైకం, నేరం చేస్తూ పడడం, రోగంతో పోవడం, వీటికి మాత్రం రాదు. చనిపోతే 8 లక్షలు. 2017 జనవరి ముందు ఇది 4 లక్షలే. చేయో కాలో పోతే గాయాన్ని బట్టి ఉంటది. అజాగ్రత్తగా ఎక్కుతూ దిగుతూ పడ్డా అది తనకు తాను చేసుకున్న గాయం కిందికి రాదని 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శవం మీద టికెట్టు దొరకలేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు కొట్టేయొద్దని కూడా అందులోనే చెప్పింది. టికెట్టు కొన్నడని ఇంటోళ్లు అఫిడవిట్ ఇచ్చి, ఉన్న ఆధారాలు పెట్టాలె. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఏడాది లోపల దరఖాస్తు పడాలె. ఆలస్యమైతే సరైన కారణం చూపించాలె. పంచనామా, పోస్టుమార్టం కాగితం, స్టేషన్ మాస్టర్ రాసిన మెమో, వీటి నకళ్లు తీసుకోకుండా శవాన్ని ఊరికి తేవొద్దు. ఆ దుఃఖంలో ఇంటోళ్లకు ఇవేవీ తోచవు. వెంట పోయినోళ్లే అడగాలె.

మాకిది ఎట్ల తెలిసిందంటే, మా మండలంలోని ఒక మాదిగ కుటుంబం వల్ల. కేసు నడుస్తున్నది కనుక ఏ నగరమో, ఏ లైనో రాయడం లేదు. సెంట్రింగ్ పనికి పోతూ పడిపోయిండు. టికెట్టు దొరకలేదు, ఏమీ రాదు పొమ్మన్నరట. ఆ చిన్నమ్మ దాన్నే నమ్మి వచ్చేసింది. పది నెలల తర్వాత పిల్లను బడిలో చేర్పించడానికి వచ్చినప్పుడు మాట మీద మాట వచ్చి బయటపడ్డది. ఇంట్లో ఏమేమి ఉన్నయో తెమ్మన్నం. పిండి డబ్బాలో దాచిన ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆధార్ కార్డు, మేస్త్రీ రాసిచ్చిన చీటీ, మడతలు పడ్డ ఒక రైలు పాసు. తారీకు చూసినం. ఆయన పోయిన రోజుకు ఇంకా వారం మిగిలున్నది.

ఏడాది నిండడానికి పద్దెనిమిది రోజుల ముందు దరఖాస్తు వేసినం. వచ్చే నెల వాయిదా ఉన్నది. ఆమెతో పాటు మాలో ఇద్దరం పోతున్నం. ఇట్లాంటి కాగితాలు మీ ఊళ్లో ఎవరింట్లనన్నా ఉంటే ఆ లోపల పట్టుకొని రండి, కలిసే పోదాం.