గణితం చదివినవాళ్ల పీహెచ్‌డీ దరఖాస్తుకు అండగా నిలబడదాం

దుబాయ్ అల్ కుసైస్‌లోనూ పక్కనే అల్ నహ్దాలోనూ కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు విన్నపం.

ఊళ్లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, పెళ్లయ్యాక భర్త వీసా మీద ఇక్కడికొచ్చి, పక్క ఫ్లాట్ల పిల్లలకు ట్యూషన్లు చెబుతున్న ఆడపడుచులు మన మధ్య ఉన్నారు. ఇక్కడి బడుల్లోనే ప్లస్ టూ దాకా చదివి, గణితం తీసుకుంటానంటే ‘తర్వాత ఉద్యోగమేం వస్తుంది’ అని ఇంట్లో అడిగేసరికి జవాబు చెప్పలేక ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలూ ఉన్నారు. వీళ్లలో పరిశోధన మీద మనసున్నవాళ్లను పీహెచ్‌డీ గుమ్మం దాకా తీసుకెళ్లే పని మనం చేపట్టాలి. ముఖ్యంగా గణితమూ క్వాంటమ్ సమాచార శాస్త్రమూ కలిసే రంగంలోకి.

క్వాంటమ్ అనగానే అది ఫిజిక్సువాళ్ల వ్యవహారం అనుకుంటాం. కానీ గణితంలోని ఒక పాత చిక్కుముడి అక్కడే విడిపోయింది. 1976లో ఫ్రెంచి గణితవేత్త అలాన్ కాన్ ఆపరేటర్ ఆల్జీబ్రాల గురించి లేవనెత్తిన ప్రశ్న నలభై ఏళ్లకు పైగా తేలలేదు. 2020లో ఐదుగురు పరిశోధకులు ఎంటాంగిల్‌మెంట్‌నీ (క్వాంటమ్ కణాల మధ్య ఉండే ముడినీ) కంప్యూటేషన్‌నీ కలిపి చేసిన పనితో దానికి ‘కాదు’ అని జవాబు దొరికింది. మన ఎమ్మెస్సీలో పరీక్ష కోసం చదివి పక్కన పెట్టిన లీనియర్ ఆల్జీబ్రా, ఫంక్షనల్ అనాలిసిస్, ప్రాబబిలిటీ ఈ రంగానికి పునాదులు.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి సంగతి మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేశాక ఆయన పరిశోధన స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టారు. గడువు దాటి అందిందని దాన్ని తిరస్కరించారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళితే అదీ దొరకలేదు. అక్కడ పరిచయమైన ఒక వ్యక్తి ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని, 1941లో అందులో చేరారు. 1945లో ఆయన రాసిన పేపరులోని క్రామెర్–రావు హద్దుకు (ఒక అంచనా ఎంత ఖచ్చితంగా ఉండగలదో చెప్పే పరిమితికి) తర్వాత క్వాంటమ్ రూపం వచ్చింది. క్వాంటమ్ సెన్సర్ ఎంత ఖచ్చితంగా కొలవగలదో ఈనాడు ఎక్కువగా లెక్కగట్టేది దానితోనే. అంతటి మనిషి దారి కూడా ఒక గడువు తేదీ దగ్గర మూసుకుపోబోయింది. కలకత్తాలో ఆ పరిచయం కలగకపోతే ఏమయ్యేదో! మన పిల్లల విషయంలో అలాంటి అదృష్టం మీద ఆధారపడొద్దు.

ఖర్చు గురించి భయం చాలా ఇళ్లలో ఉంది. ఒక మంచి పీహెచ్‌డీలో సీటొస్తే సాధారణంగా ఫీజు భారం మన మీద ఉండదు, పైగా వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. భారత్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. కోపెన్‌హేగన్ లాంటి యూరప్ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగమే. మనకు దగ్గర్లోనే, అబుదాబిలోని న్యూయార్క్ యూనివర్సిటీలో క్వాంటమ్, టోపలాజికల్ వ్యవస్థల కేంద్రం ఉంది. అక్కడి గ్లోబల్ పీహెచ్‌డీ ఫెలోషిప్‌లో ముందు న్యూయార్క్‌లో కోర్సులు, ఆ తర్వాత అబుదాబిలో పరిశోధన. కెనడాలోని వాటర్లూలో మాత్రం గణిత విభాగానికి దరఖాస్తు పెట్టి, అందులో క్వాంటమ్ సమాచారాన్ని ఎంచుకోవాలి. ఇలాంటి తేడాలు చెప్పేవాళ్లు లేకే చాలామంది ఆగిపోతున్నారు.

అసలు భారమంతా దరఖాస్తు పెట్టే ఏడాదిదే. ఆ ఏడాది స్టైపెండ్ ఉండదు, గైడ్ ఉండడు. అమెరికా విశ్వవిద్యాలయాలకు ఒక్కోదానికి వంద డాలర్లకు అటూ ఇటూగా ఫీజు, దాని మీద ఇంగ్లిష్ పరీక్ష. కొన్నిచోట్ల ఫీజు మాఫీ అడగవచ్చని చాలామందికి తెలియదు. అన్నిటికన్నా కష్టం ముగ్గురు అధ్యాపకుల సిఫార్సు లేఖలు. కాలేజీ విడిచి నాలుగేళ్లయిన అమ్మాయి, ఇక్కడి నుంచి అక్కడి మాస్టారికి ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడుతుంది. ఆయన రిటైరయి ఉంటారు, లేఖ పంపడానికి అడిగే ఆఫీసు ఈమెయిల్ ఉండదు. అందుకే లేఖల పని ఆగస్టులోనే మొదలుపెట్టాలి. అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘చిన్నప్పటి నుంచి లెక్కలంటే ప్రాణం’ అని మొదలయ్యే కాగితం ఎంపిక కమిటీకి ఏమీ చెప్పదు. ఏ సిద్ధాంతాన్ని నిరూపణతో సహా చదివారు, ఎక్కడ అర్థంకాక ఆగారు, ఎవరి పేపరు చదివాక ఏ ప్రశ్న మిగిలింది? ఇవి రాయాలి. చదువుకు మధ్యలో వచ్చిన ఖాళీని దాచకుండా రెండు వాక్యాల్లో చెప్పాలి. ఇలా రాయడానికి ముందు కనీసం ఒక పుస్తకాన్ని తోడు కూర్చుని చదివేవాళ్లుండాలి.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ప్రతి శనివారం సాయంత్రం ఎవరింటి హాల్లోనైనా రెండు గంటలు కలిసి చదువుదాం, ఒకరి స్టేట్‌మెంట్ ఒకరు దిద్దుదాం. తెలుగు సంఘాల పెద్దలకు మనవి: ఉగాదికీ బతుకమ్మకూ వసూలయ్యే చందాల్లో కొంత దరఖాస్తు ఫీజుల నిధికి పక్కన పెట్టండి. ఆ పండగలు మనకు కావాలి, ఈ పిల్లలూ కావాలి. ఇంట్లో పెద్దలు ఆ రెండు గంటలు చంటిబిడ్డను ఎత్తుకుంటే, ఒక తల్లి పుస్తకం తెరవగలదు.

డబ్బు కడితే పీహెచ్‌డీ ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికి మాత్రం వెళ్లకండి. ప్రవేశం విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ ద్వారానే జరుగుతుంది.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టవచ్చన్నది నిజమే, అందరూ ప్రొఫెసర్లు కారు. కానీ భారత ప్రభుత్వం 2023లో 6,003 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. అమరావతిలో ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి క్వాంటమ్ వ్యాలీ కడతామని ఆంధ్రప్రదేశ్ 2025లో ప్రకటించింది. అక్కడ రాబోయే క్వాంటమ్ యంత్రాల మీద కొత్త ప్రశ్నలు వేయగలిగినవాళ్లు మన ఇళ్లలోంచి ఎందుకు రాకూడదు?

ఆగస్టు మొదటి శనివారం మొదలుపెడదాం. వచ్చేవాళ్లు మార్కుల మెమోలు, తమకు పాఠం చెప్పిన ముగ్గురు మాస్టార్ల పేర్లు, మళ్లీ చదవాలనుకుంటున్న ఒక పుస్తకం వెంట తెచ్చుకోండి. మెమోల అటెస్టేషన్ గురించి ఇప్పుడే కంగారు అక్కర్లేదు, దరఖాస్తుకు సాధారణంగా స్కాన్ కాపీలు చాలు.