"రెండూ ఒకటే అన్నా" అంటే నమ్మకండి



మా అక్క కొడుకు అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ జింకల వేటకు పోయే కొందరు తూటాలు కొనరట. కాల్చిన ఖాళీ తొడుగులు దాచుకొని, ఇంట్లోనే మందు తూచి మళ్లీ నింపుకుంటారు. అక్కడ చట్టం ఒప్పుకుంటది. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే నేరం.

మొన్న ఫోన్‌లో వాడొక మాట చెప్పిండు. 4831 అనే నంబరుతో రెండు తుపాకీ మందులున్నాయి. ఒకటి హాడ్జ్‌డన్, ఇంకొకటి ఐఎంఆర్. చూడ్డానికి రెండూ సన్నటి పుల్లముక్కల్లాగే ఉంటాయి. కానీ ఐఎంఆర్ కొంచెం త్వరగా కాలుతుంది. హాడ్జ్‌డన్‌కు రాసిన గరిష్ఠ తూకం చూసి ఐఎంఆర్ పోస్తే, లోపల ఒత్తిడి హద్దు దాటి తుపాకీ పగలొచ్చు. ముఖం దాని పక్కనే ఉంటది. అందుకే తెలిసినవాళ్లు ఏ మందుకు ఆ మందు పట్టికే చూస్తారు, తక్కువ తూకంతో మొదలుపెడతారు.

అది వినంగనే నాకు నిరుటి మా మక్క చేను యాదికొచ్చింది. అక్కడ తుపాకీ మందు, ఇక్కడ చేను మందు, తప్పు మాత్రం ఒకటే.

గడ్డికి 2,4-డి సోడియం సాల్ట్ కావాలని షాపుకు పోయిన. స్టాకు లేదని ఇథైల్ ఎస్టర్ డబ్బా చేతిలో పెట్టిండు. "రెండూ 2,4-డి యే అన్నా" అన్నడు. ఇంటర్ దాకా చదువుకున్న నేను డబ్బా మీద రాసింది చదవకుండనే కొట్టిన.

సోడియం సాల్ట్ అంతగా ఆవిరి కాదు. ఎస్టర్ అట్ల కాదు, ఎండ వేడికి ఆవిరై పక్క చేలోకి పోతది. కొట్టేటప్పుడు గాలి లేకున్నా సరే. పత్తి 2,4-డి ని అసలే తట్టుకోదు. కొన్ని రోజులకే పక్కాయన పత్తి ఆకులు బెండాకుల లెక్క చీలి ముడుచుకున్నయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు అనిపించింది. నా చేతనైంది ఇచ్చిన, కానీ పోయిన కాపు తిరిగి రాదు కదా.

కంపెనీ మార్చొద్దని నేను అంటలేను. మందు పేరు, శాతం, చివరి అక్షరాలు, ఈ మూడూ కలిస్తే, మన పంట పేరు లేబుల్ మీద ఉంటే, ధర తక్కువున్నది తీసుకోండి. ఒక్కటి తేడా ఉన్నా అది వేరే మందే అనుకోండి.

ఇమిడాక్లోప్రిడ్‌నే చూడండి. 17.8 ఎస్‌ఎల్ లీటరులో అసలు మందు సుమారు 200 గ్రాములు. 70 డబ్ల్యూజీ కిలోలో 700 గ్రాములు. అలవాటుగా 100 మిల్లీలీటర్ల బదులు 100 గ్రాములు పోస్తే, 20 గ్రాములు పడాల్సిన చోట 70 పడుతుంది. మూడున్నర రెట్లు! పేరు ఒకటే కదా అని పాత మోతాదు పోయొద్దు, కొత్త లేబుల్ చూడండి.

షాపాయన మాట గాలిలో పోతది. బిల్లు మీద మందు పేరు, శాతం, బ్యాచ్ నంబరు రాయించుకోండి. లేబుల్ అక్షరాలు కనబడకపోతే ఇంట్లో పిల్లలతో చదివించుకోండి. ఆ రెండు నిమిషాలు నేను ఆగి ఉంటే, ఇవాళ పక్కాయన కళ్లలోకి చూసి మాట్లాడేటోణ్ణి.