చేపలు చచ్చిపోతేనే వార్త.. అసలు ముప్పు మాత్రం బతికున్న బ్యాక్టీరియాతోనే!

చెరువులో చేపలు తెల్లగా తేలితే అందరూ పరుగెత్తుతారు. కెమెరాలు వస్తాయి. పీసీబీ అధికారులు నీళ్ల శాంపిల్స్ తీసుకెళ్తారు. మత్స్యకారులు పరిహారం కోసం ధర్నాకి దిగుతారు. నాలుగు రోజులకి కంపు తగ్గుతుంది, విషయం మరుగున పడుతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న పారిశ్రామిక వాడల్లో ఏళ్లుగా ఇదే సీన్. 2017 అక్టోబర్‌లో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో 2 లక్షలకు పైగా చేపలు చనిపోయినప్పుడు కూడా ఇదే జరిగింది.

అయితే చచ్చిన చేప కంటే ప్రమాదకరమైంది ఇంకొకటి ఆ నీళ్లలో ఉంటోంది. అది కంటికి కనపడదు. వ్యర్థాలు కలిసినా చావదు, పైగా బలం పుంజుకుంటుంది. అదే మందులకి లొంగని బ్యాక్టీరియా. మనం లెక్కపెడుతున్నది చేపల్ని.. లెక్కపెట్టాల్సింది దీన్ని.

చెరువులో గొలుసు ఎక్కడ తెగుతుంది?

చెరువు అంటే నీళ్లు మాత్రమే కాదు. ఎండ తగిలి నాచు పెరుగుతుంది. నాచుని కంటికి ఆనని సూక్ష్మజీవులు తింటాయి. వాటిని చిన్న చేపలు, చిన్న చేపల్ని కొరమీను, కొరమీనుని కొంగలు, మనుషులు.. ఇలా సాగుతుంది ఆహార గొలుసు. చచ్చినవాటిని కుళ్లబెట్టి మళ్లీ నాచుకి ఎరువుగా మార్చే పని బ్యాక్టీరియాది. అంటే గొలుసు మొదలూ చివరా కలిసేది వాటి దగ్గరే.

ఫ్యాక్టరీ వ్యర్థం కలిస్తే ముందు ఆక్సిజన్ పడిపోతుంది. వ్యర్థాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ని వాడేస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ మరీ తక్కువగా ఉంటుంది కాబట్టి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. పొద్దున్నే తేలిపోతాయి. ఇక వాన ముసుగులో వ్యర్థాలు వదిలేస్తున్నారన్నది స్థానికులు ఎప్పటినుంచో చేస్తున్న ఆరోపణ.

చేపలు చావనంత పలచగా కలిస్తే ఫర్వాలేదా? అదీ కాదు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని స్వీడన్ పరిశోధకులు కప్ప పిల్లలపై పరీక్షించారు. వెయ్యి లీటర్లకి 2 లీటర్ల చొప్పున కలిపినా వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. 2009లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. చచ్చినవి కనిపించకపోయినా గొలుసు లోపల్నుంచి బలహీనపడుతోందని దీని అర్థం.

రోజుకి 45 కిలోల మందు.. నీళ్లపాలు!

అంతకు రెండేళ్ల ముందు, 2007లో, గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఇచ్చిన రిపోర్ట్ ప్రపంచవ్యాప్తంగా కలకలం రేపింది. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలాలు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రంలో, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిని వాళ్లు పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. జ్వరానికో, ఇన్ఫెక్షన్‌కో ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మందు కంటే ఇది ఎక్కువ!

రోజుకి దాదాపు 45 కిలోల మందు అలా వెళ్లిపోతోందని అంచనా వేశారు. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తానికి 5 రోజులు సరిపోయే మందు అది.

ఆ తర్వాత పరిస్థితి మారలేదా అంటే.. 2016 నవంబర్‌లో జర్మనీ పరిశోధకులు హైదరాబాద్, చుట్టుపక్కల 28 చోట్ల నీళ్ల శాంపిల్స్ తీశారు. 95 శాతానికి పైగా శాంపిల్స్‌లో మొండి బ్యాక్టీరియా కనిపించింది. ఆఖరి అస్త్రంగా డాక్టర్లు వాడే కార్బపెనెమ్ మందులకి కూడా లొంగని రకాలు అందులో ఉన్నాయి.

పాదరసం వేరు.. యాంటీబయాటిక్ వేరు

ఆహార గొలుసులో విషం అనగానే చాలామందికి గుర్తొచ్చేది పాదరసం. చిన్న చేపలో కొంచెం, దాన్ని తిన్న పెద్ద చేపలో ఇంకాస్త, చివరికి మనిషిలో బోలెడు.. అలా పేరుకుంటూ పోతుంది. యాంటీబయాటిక్ చేసే పని వేరు. అది నీళ్లలో ఉన్న బలహీనమైన బ్యాక్టీరియాని చంపుతుంది, తట్టుకున్నవాటికి జాగా ఖాళీ చేసి పెడుతుంది. అవే పెరుగుతాయి. తట్టుకునే జన్యువుని పక్క బ్యాక్టీరియాకి కూడా పంచుతాయి, అది వేరే జాతిదైనా సరే. చెరువు మట్టిలో ఉండే బ్యాక్టీరియా నుంచి మనిషి కడుపులో ఉండే బ్యాక్టీరియాకి కూడా ఈ జన్యువులు చేరొచ్చు.

2013లో వచ్చిన మరో అధ్యయనంలో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి సేకరించిన బ్యాక్టీరియా రకాల్లో 86 శాతం.. 20 లేదా అంతకంటే ఎక్కువ యాంటీబయాటిక్స్‌ని తట్టుకున్నాయి. శుభ్రం చేయాల్సిన చోటే మొండి బ్యాక్టీరియాకి ట్రైనింగ్ సెంటర్‌గా మారిందన్నమాట.

మన ఇంటికి దారి ఏది?

పటాన్‌చెరు ప్రాంతంలో వ్యర్థాలు మొదట్లో ఇస్కవాగు, నక్కవాగుల మీదుగా మంజీరా వైపు వెళ్లేవి. తర్వాత శుద్ధి చేసిన నీటిని పైప్‌లైన్‌లో అంబర్‌పేట సీవరేజ్ ప్లాంట్‌కి, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. వాగుకి కొంత ఊరట దొరికింది నిజమే. కానీ మందుల వ్యర్థం, నగరం మురుగు ఒకే చోట కలిశాయి. మనుషుల కడుపు నుంచి వచ్చే బ్యాక్టీరియాకి, మందుకి అక్కడే పరిచయం జరుగుతుంది.

మూసీ కింది గ్రామాల్లో ఆ నీళ్లతోనే వరి, ఆకుకూరలు, పశువుల గడ్డి పండిస్తారు. ఆ గడ్డి గేదెలకి, ఆ పాలు, ఆకుకూరలు నగరానికి. ప్రతి పాల ప్యాకెట్‌లో మొండి బ్యాక్టీరియా ఉందని దీని అర్థం కాదు. పాలు కాచితే, చేప బాగా ఉడికితే బ్యాక్టీరియా చస్తుంది. కానీ పొలంలో దిగే రైతు, వల వేసే మత్స్యకారుడు, పచ్చి కూరలు కడిగే ఇల్లాలు, ఆ నీళ్లలో ఆడుకునే పిల్లలు.. వీళ్లందరికీ దారి తెరిచే ఉంది.

పందెంలో ఉన్నదేంటో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ అధ్యయనం అంచనా. ఆస్పత్రుల్లో, ఇళ్లలో అడ్డగోలుగా మందులు వాడటం ఇందుకు పెద్ద కారణం. ఫ్యాక్టరీ నీళ్లు ఒక్కటే కారణం కాదు. అయితే అదుపు చేయడం తేలికైన చోటు మాత్రం అదే. కోట్ల మంది అలవాటు మార్చడం కంటే కొన్ని వందల పైపులకి కాపలా పెట్టడం సులువు కదా!

రూల్ వచ్చినట్టే వచ్చి..

పటాన్‌చెరు కాలుష్యంపై సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 1990లో. అది హైకోర్టుకి, తర్వాత గ్రీన్ ట్రైబ్యునల్‌కి చేరింది. ఫ్యాక్టరీ వ్యర్థాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండొచ్చో పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. ఆశలు చిగురించాయి. కానీ 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి.

ఫలితం ఏంటంటే.. శాంపిల్ తీసినప్పుడు మామూలుగా చూసేది బీవోడీ, సీవోడీ, పీహెచ్, టీడీఎస్ లాంటివే. ఆ లెక్కలు సరిపోతే నీళ్లు పాసైనట్టే. అందులో మందు ఎంతుందని ఎవరూ అడగరు.

చుక్క వ్యర్థం కూడా బయటికి పోని జీరో లిక్విడ్ డిశ్చార్జ్ ప్లాంట్లు పెట్టుకున్నామని చాలా కంపెనీలు చెబుతున్నాయి. 2022లో పరిశ్రమ కూటమి ఒకటి సొంతంగా ప్రమాణాలు కూడా తయారు చేసుకుంది. మంచిదే. కానీ ఇష్టమైతే పాటించే ప్రమాణానికి, పాటించకపోతే శిక్షపడే రూల్‌కి తేడా ఉంది. ఖర్చు పెట్టి నీళ్లు శుద్ధి చేసే కంపెనీ.. రాత్రిపూట ట్యాంకర్ ఒంపేసే కంపెనీతో ధరలో ఎలా పోటీ పడుతుంది? కచ్చితమైన రూల్ నిజాయితీగా నడిచే కంపెనీకే ఎక్కువ అవసరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబర్‌లో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై తొలిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. అంటే ఎంత మోతాదు దాటితే ముప్పో చెప్పే కొలత ఇప్పుడు సిద్ధంగా ఉంది. దాన్ని చట్టంలో పెట్టడమే మిగిలింది.

చెరువులో చేపలు చనిపోతే కొత్తగా చేప పిల్లల్ని వదలొచ్చు. రెండు వానాకాలాలకి చెరువు మామూలుగా కనిపించొచ్చు. మందుకి లొంగని బ్యాక్టీరియా తయారయ్యాక దాన్ని వెనక్కి పంపే దారి లేదు. అందుకే ఈసారి ఎక్కడైనా చేపలు తేలితే ఎన్ని చచ్చాయన్న దగ్గరే ఆగకూడదు. ఆ శాంపిల్‌లో ఏ మందు ఎంతుందో పరీక్షించారా, ఆ రిపోర్ట్ ఊరివాళ్లకి చూపించారా అని కూడా అడగాలి.