విప్పే ముందు కొలవండి

2010 మే 26 రాత్రి శ్రీకాళహస్తి రాజగోపురం కుప్పకూలింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం అది. అదే చోట కొత్త గోపురం లేచి, 2017లో కుంభాభిషేకం జరుపుకొంది. భక్తులకు మొక్కుకోవడానికి గోపురం దక్కింది కానీ రాయల కాలపు పనివాళ్ల చేతి పని మాత్రం శాశ్వతంగా పోయింది. పడిపోయే కట్టడాన్ని ప్రతిసారీ నిలబెట్టగలమని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది ఎలా ఉండేదో అంగుళం తేడా లేకుండా దాచుకోవడం మాత్రం ఈ రోజు మన చేతిలో ఉన్న పనే. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి ప్రాచీన కట్టడానికీ లేజర్ స్కానింగ్ జరగాలి. ఆ రికార్డు ప్రభుత్వ భాండాగారానికి చేరేదాకా ఏ పాత గుడినీ విప్పడానికి, ఏ చారిత్రక భవనాన్నీ కూల్చడానికి అనుమతి ఇవ్వకూడదు.

ఈ పద్ధతిలో పెద్ద మర్మమేమీ లేదు. మూడు కాళ్ల స్టాండు మీద నిలిపిన స్కానర్ గిర్రున తిరుగుతూ లేజర్ కిరణాలను వదులుతుంది. గోడకో శిల్పానికో తగిలి వెనక్కి వచ్చిన కిరణాన్ని బట్టి ఆ బిందువు ఎంత దూరంలో, ఏ కోణంలో ఉందో లెక్కగడుతుంది. ఇప్పటి పరికరాలు సెకనుకు లక్షల బిందువులను నమోదు చేస్తున్నాయి. ఒకచోట నిలబడితే స్తంభం వెనుక వైపు కనబడదు కనుక స్కానర్‌ను చోటు మార్చి మార్చి పెట్టి, ఆ స్కాన్లన్నిటినీ కంప్యూటర్‌లో కలుపుతారు. అలా తయారయ్యే ‘పాయింట్ క్లౌడ్’ నుంచే ప్లాన్లు, త్రీడీ నమూనాలు గీస్తారు. జాగ్రత్తగా చేస్తే కొలతలో తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. కొన్నేళ్ల తేడాతో అదే కట్టడాన్ని మళ్లీ స్కాన్ చేసి పోల్చితే, గోడ ఎటు ఒరిగిందో, దూలం ఎంత కుంగిందో కంటికి తెలియకముందే బయటపడుతుంది. గోడ లోపలి డొల్లతనం, పునాది కింది మట్టి సంగతి లేజర్‌కు అందవు. వాటికి వేరే పరీక్షలు కావాలి.

పారిస్‌లోని నోత్రదామ్ చర్చి అనుభవం దీనికి గట్టి సాక్ష్యం. ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ కళాచరిత్ర ఆచార్యుడు 2010లో ఆ చర్చిని లోపలా బయటా యాభైకి పైగా చోట్ల స్కానర్ నిలిపి నమోదు చేశారు. వంద కోట్లకు పైగా బిందువులు పోగయ్యాయి. మధ్యయుగంలో దాన్ని ఎలా కట్టి ఉంటారో తెలుసుకోవాలన్నదే ఆయన తపన. లోపలి స్తంభాలు చూపుకు కనిపించినంత తిన్నగా ఒకే వరుసలో లేవని ఆ కొలతలే చెప్పాయి. 2018 నవంబరులో ఆయన కన్నుమూశారు. ఐదు నెలలకే, 2019 ఏప్రిల్ 15న, చర్చి పైకప్పు మంటల్లో కాలిపోయింది. టాలన్ స్కాన్లు, వాటితోపాటు ఇతరులు అంతకుముందు తీసిన కొలతలు, గీసిన పటాలు పునర్నిర్మాణంలో నిపుణులకు ఆధారమయ్యాయి. 2024 డిసెంబరులో చర్చి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. అగ్నిప్రమాదం వస్తుందని ఊహించి ఎవరూ ఆ కొలతలు తీయలేదు. ముందే తీసి ఉంచారు కనుక పనికొచ్చాయి.

ఉగాండాలోని కసుబి రాజసమాధులదీ ఇలాంటి కథే. 2009లో స్కాన్ చేశారు, 2010 మార్చిలో తగలబడిపోయాయి. ఆ స్కాన్ల వెనుక ఉన్న ‘సైఆర్క్’ సంస్థను నెలకొల్పిన బెన్ కసీరా ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టిన ఇంజినీరు. చేత మోసుకెళ్లగల తొలి లేజర్ స్కానర్ల రూపకర్తల్లో ఆయనొకరు. 2001లో తాలిబన్లు బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చేయడం చూసి కలతపడి, కట్టడాల డిజిటల్ రికార్డుకే ఆయన తన శ్రమను అంకితం చేశారు. మన దేశానికీ ఈ సాంకేతికత కొత్తేమీ కాదు. గుజరాత్‌లోని రాణీ కీ వావ్ మెట్ల బావిని 2011లో స్కాట్లాండ్ నిపుణులతో కలిసి స్కాన్ చేశారు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి పునరుద్ధరణకు ఆగాఖాన్ సంస్థ లేజర్ స్కానింగ్ వాడింది. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధులకు పునర్వైభవం తెచ్చిందీ ఆ సంస్థే.

మరి మన గుళ్ల సంగతేమిటి? హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని మరమ్మతుల కోసం 2006లో విప్పారు. రుద్రదేవుడి కాలపు ఆ మండపం తిరిగి ప్రజల ముందుకు వచ్చింది 2024 మార్చిలో. పద్దెనిమిదేళ్లు! జాప్యానికి కారణాలు అనేకం ఉండవచ్చు. కానీ రాయి రాయి విప్పిన కట్టడంలో ఏ రాయి ఎక్కడిదో, ఎంత వంపుతో కూర్చుందో చెప్పే రికార్డు ఎంత విలువైనదో తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. శ్రీశైలం జలాశయం కోసం కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన తరానికి లేజర్ లేదు. ఉన్న పరికరాలతోనే వాళ్లు గుడిని విప్పి మళ్లీ నిలబెట్టారు. లేజర్ చేతిలో ఉన్న మనం అంతకన్నా తక్కువ శ్రద్ధ చూపితే క్షమార్హం కాదు.

పేరున్న ఆలయాలకన్నా ఊరి చివరి పాత గుళ్లకే ముప్పు ఎక్కువ. జీర్ణోద్ధరణ పేరిట శిల్పాల మీద ఎనామిల్ రంగులు పూస్తున్నారు, ఇసుక చిమ్మే యంత్రాలతో రాతిని చెక్కేస్తున్నారు, శాసనాలున్న బండల మీద టైల్స్ పరుస్తున్నారు. పని చేయించేవారికి భక్తి లేక కాదు, ముందు ఏముందో చెప్పే రికార్డు లేక. కేంద్రం రక్షణలో ఉన్నవాటికే దిక్కు లేనప్పుడు వీటి గతి ఊహించవచ్చు. దేశంలో యాభై రక్షిత కట్టడాలు కనిపించడం లేదని కేంద్ర సాంస్కృతిక శాఖే పార్లమెంటరీ సంఘానికి చెప్పింది. పద్నాలుగు పట్టణాల విస్తరణకు బలయ్యాయి, పన్నెండు జలాశయాల్లో మునిగాయి, ఇరవై నాలుగు ఎక్కడున్నాయో ఆచూకీ లేదు.

ఖర్చు మాటేమిటని అడిగేవారికి జవాబు ఉంది. స్కానర్ ఖరీదైనదే. కానీ ఒక పరికరం ఏళ్ల తరబడి వందల కట్టడాలకు పనికొస్తుంది. చిన్న గుడి స్కాన్ ఒకటి రెండు రోజుల పని. మనుషులకూ కొదవ లేదు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్నాయి. వీటి విద్యార్థులకు ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

అసలు భయపడాల్సింది మరొకటి. కంప్యూటర్‌లో నమూనా ఉంది కదా, ఇక కట్టడం లేకపోయినా ఫర్వాలేదనే వాదన రేపు తప్పక వస్తుంది. దాన్ని మొదట్లోనే తుంచెయ్యాలి. గ్లాస్గో ఆర్ట్ స్కూల్ భవనం 2014లో, మళ్లీ 2018లో కాలిపోయింది. దాని డిజిటల్ రికార్డు ఉంది, నిపుణులూ ఉన్నారు. అయినా అది ఇంకా పూర్వస్థితికి రాలేదు. హైదరాబాద్ పాత సచివాలయంలో 1888 నాటి జి బ్లాకును 2020లో నేలమట్టం చేశారు. అలాంటి భవనానికి ఎంత గొప్ప స్కాన్ అయినా ప్రత్యామ్నాయం కాదు. కూల్చివేతకు స్కాన్‌ను సాకుగా చూపే అవకాశం చట్టంలో ఉండకూడదు.

స్కాన్ చేసిన సమాచారం కాంట్రాక్టరు హార్డ్‌డిస్కులో మిగిలిపోతే చేసిన ఖర్చంతా వృథా. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌కూ కట్టుబడని ఫార్మాట్‌లో, కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచాలి. పరిశోధకులకు, స్థపతులకు అందుబాటులో ఉంచాలి. గర్భాలయంలోకి పరికరం రాకూడదని ఆగమ పండితులు అంటే ఆ మాట గౌరవించి, మిగతా గుడినంతా కొలవవచ్చు.

తెలంగాణ 2017 నాటి వారసత్వ చట్టాన్ని, ఆంధ్రప్రదేశ్ 1960 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని ఇందుకు తగ్గట్టు సవరించాలి. దేవాదాయ శాఖ పరిధిలోని పాత ఆలయాలకూ ఈ నిబంధన వర్తించాలి. జీర్ణోద్ధరణ టెండరు పత్రంలో మొదటి షరతు స్కానింగే కావాలి, పని పూర్తయ్యాక మరో స్కాన్ లేనిదే చివరి బిల్లు చెల్లించకూడదు. ఒరిగిన గోడలు, పగిలిన దూలాలు ఉన్న కట్టడాల జాబితాను రెండు ప్రభుత్వాలూ వచ్చే వర్షాకాలంలోపే సిద్ధం చేసి, పనిని వాటితోనే మొదలుపెట్టాలి. ఇందుకు కావలసిన నిధులను రాబోయే బడ్జెట్‌లోనే కేటాయించాలి.