తాలు కొలుచుకొనుటకు అట్టపెట్టె చాలును

ధాన్యము పండించుట యొక యెత్తు, దానిని కాంటాకెక్కించుట మఱియొక యెత్తు. కడెము కాలువ క్రింద నైనను, శ్రీరాంసాగరపు కాకతీయ కాలువ క్రింద నైనను, వడ్లు రాశి పోసిన దినము మొదలు రైతునకు వినబడు మాట తాలు. తాలున్నదని కొనుగోలు కేంద్రమున నొకసారి, లారీ మిల్లు చేరిన పిమ్మట మఱియొకసారి తరుగు తీయుచున్నారని మన జిల్లాల రైతులు ఏటేట మొఱపెట్టుకొనుచున్నారు. తాలెంత యున్నదో రైతు కొలిచి చూపలేడు గనుక ఎదుటివారు చెప్పినదే లెక్క యగుచున్నది. ఈ నిస్సహాయతకు మందు మన యింట మూలబడి యున్న అట్టపెట్టెలోనే కలదని మా యభిప్రాయము.

మొదట నిబంధన తెలిసికొందము. మద్దతు ధరకు కొను ధాన్యములో మట్టి, రాళ్లు నూటికి 1, తాలు, గడ్డి మొదలగునవి నూటికి 1, పక్వముగాని ముడుత గింజలు నూటికి 3, తేమ నూటికి 17 మించరాదు. 40 కిలోల బస్తాలో నూటికి 1 అనగా 400 గ్రాములు. బస్తాకు 2 కిలోలు తరుగు తీసినచో నది నూటికి 5 అగును. 2025-26 సంవత్సరమునకు ఏ గ్రేడు ధాన్యపు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన బస్తాకు సుమారు 48 రూపాయలు, 100 బస్తాలకు సుమారు 4,780 రూపాయలు. ఇంత సొమ్ము నోటి మాటపై విడిచిపెట్టుట తగునా?

ఇక పరికరము. మన పెద్దలు చేటతో తూర్పారబట్టిన సూత్రమే దీనికి నాధారము. గాలిలో నిండు గింజ దగ్గఱ పడును, తేలిక గింజ దూరము పోవును. పెద్ద అట్టపెట్టెను విప్పి, మూడు మూరల పొడవు, జానెడు వెడల్పు, మూరెడు ఎత్తు గల తొట్టివలె మడువవలెను. పై భాగమును, రెండు కొనలను తెఱచి యుంచవలెను. ఒక కొనవద్ద చిన్న బల్ల పంకా నుంచి, రెండవ కొనకు పలుచని బట్ట కట్టవలెను. పంకాకు జానెడు దూరమున, తొట్టి పైన, అట్టతో చేసిన గరాటు నిలుపవలెను. దాని యడుగున అర అంగుళము వెడల్పు గల సందు తొట్టి కడ్డముగా నుండవలెను. అప్పుడు వడ్లు కుప్పగా గాక పలుచని తెరవలె జారును. తొట్టి లోపల నాలుగంగుళముల ఎత్తు గల అడ్డుకట్టలు రెండింటిని కదల్చుటకు వీలుగా నుంచినచో మూడు గదు లేర్పడును. నిండు గింజ మొదటి గదిలోను, సగము నిండినది రెండవ దానిలోను, తాలు మూడవ దానిలోను పడును.

అట్టయే యేల యనిన, అది కత్తెరకు లొంగును. కొలత కుదరకున్న మఱల కోసి యతికించుకొనవచ్చును. జగిత్యాల పొలాస పరిశోధన స్థానము నుండి వచ్చిన సన్న రకముల గింజ బరువు వేఱు, దొడ్డు వడ్ల బరువు వేఱు. రకము మారినపుడెల్ల పిడికెడు వడ్లు పోసి చూచి అడ్డుకట్టలను సరిచేయవలెను. నిండు గింజ రెండవ గదిలోనికి పోయినచో గాలి తగ్గింపవలెను. కొలతలు కుదిరిన పిమ్మట, అట్ట చెమ్మకు నిలువదు గనుక, ఆ కొలతలతోనే రేకు తొట్టి చేయించుకొనవచ్చును.

బస్తాల పై భాగమునుండి, నడుమనుండి, అడుగునుండి వడ్లు తీసి, కలిపి, 1 కిలో తూచి పోయవలెను. మూడవ గదిలోనిది తూచినపుడు ప్రతి 10 గ్రాములును నూటికి 1 అగును. తేమ నీ పెట్టె చెప్పజాలదు. దానికి యంత్రమే కావలెను. మట్టిగడ్డలు నిండు గింజతో పడును గనుక ముందుగా జల్లెడ పట్టవలెను.

మన పెట్టె లెక్కను అధికారు లొప్పుకొందురా యని కొంద ఱడుగవచ్చును. ఇది వారి పరీక్షకు బదులు గాదు. తాలు నిజముగా హెచ్చుగా నున్నచో రైతు కల్లములోనే తెలిసికొని మఱల తూర్పారబట్టుకొనును. లేనిచో అంకె చేతబట్టుకొని, అందఱి యెదుట మఱల పరీక్షింపుడని యడుగగలుగును. ఈ పెట్టె ఎవరి పక్షమునను మాటలాడదు. అందువలననే దాని మాటకు విలువ.

రైతులు కూడి తమ సరకు లెక్కను తమ చేతిలోనికి తెచ్చుకొనుట మనకు క్రొత్త గాదు. నాటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరున 1956లో వెలసిన సహకార సంఘము సభ్యుల ధాన్యమును తానే కొని విలువ పెంచి చూపినది. వేములవాడ చెంతనున్న హనుమాజీపేట పాఠశాల విద్యార్థి వడ్లు బస్తాల కెత్తు యంత్రమును కల్పించి దేశమున గుర్తింపు పొందినాడు. మన యూళ్లలో బుద్ధికి కొఱత లేదు.

కావున ప్రతి సంఘమును రాబోవు కోతలకు ముందే ఇట్టి పెట్టె నొకదానిని తన కేంద్రమున నుంచవలెను. రైతు ఎదుటనే పరీక్షించి, వచ్చిన అంకెను చీటీపై వ్రాసి సంతకము చేసి యీయవలెను. లారీ కదలిన పిమ్మట ఆ చీటీకి మించిన తరుగు నంగీకరింపమని సభ్యులు సర్వసభ్య సమావేశమున తీర్మానింపవలెను. ఒక్క రైతు అడిగిన అది వేడుకోలు. సంఘ మడిగిన అది హక్కు.