క్షమాభిక్ష ఎవరిది, ఎవరికి?

1982 మే 19న పాండీ బజారులో ప్రభాకరన్, ఉమా మహేశ్వరన్ ఒకరిపై ఒకరు కాల్పులు జరుపుకున్న సంగతి టి. నగర్‌లోని మన పాత ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ కథ తర్వాత లంకకు మళ్లింది. కానీ అలాంటి ఇంకో కేసు చెన్నైని వదల్లేదు.

1986 నవంబరు 1న చూళైమేడులో జరిగిన కాల్పుల్లో స్థానికుడు ఒకరు చనిపోయారు. నిందితుల్లో డగ్లస్ దేవానంద ఒకరు. 1994లో ఇక్కడి కోర్టు ఆయన్ను పరారీలో ఉన్న నిందితుడిగా ప్రకటించింది. తర్వాత ఆయన లంకలో మంత్రి అయ్యారు. 2010 జూన్‌లో రాజపక్సతో కలిసి ఢిల్లీ వచ్చినప్పుడు, అరెస్టు చేయాలంటూ మద్రాసు హైకోర్టులో పిటిషన్ పడింది. 1987 ఒప్పందంతోనే తనకు క్షమాభిక్ష వచ్చిందన్నది ఆయన జవాబు.

ఆ వాదన నిలవదని మేమనుకుంటున్నాం. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనె సంతకాలు చేసిన పత్రంలో సాధారణ క్షమాభిక్ష మాట ఉన్నది నిజమే. అయితే ఇచ్చేది శ్రీలంక అధ్యక్షుడు, అదీ ఆ దేశపు ఉగ్రవాద నిరోధక, ఎమర్జెన్సీ చట్టాల కింద ఉన్నవారికి, సాయుధులకు. చూళైమేడు వీధిలో పోయిన ప్రాణానికి కొలంబో ఎలా మాఫీ రాస్తుంది?

క్షమాభిక్షే తప్పని మేమనడం లేదు. అంతర్యుద్ధం ముగిశాక వీలైనంత విస్తృతంగా ఇవ్వమనే 1977 నాటి జెనీవా రెండో అదనపు ప్రోటోకాల్ చెబుతోంది. అది తుపాకీ పట్టినందుకు. యుద్ధ నేరాలకు వర్తించదని రెడ్‌క్రాస్ అంటుంది. పెరూ క్షమాభిక్ష చట్టాలు చెల్లవని 2001లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు తేల్చింది. లంకలో జరిగింది వేరు. 2000లో మిరుసువిల్‌లో ఎనిమిది మంది తమిళ పౌరులను చంపిన కేసులో మరణశిక్ష పడిన సైనికుడు సునీల్ రత్నాయకెను 2020 మార్చిలో అధ్యక్షుడు గోటబయ విడిచిపెట్టారు. చనిపోయినవారిలో ఐదేళ్ల బిడ్డ ఉంది.

ఇప్పుడు ఈ ప్రశ్న తెలుగు నేల మీదికే వచ్చింది. పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు 2025 అక్టోబరులో గడ్చిరోలిలో లొంగిపోయాక, లొంగుబాటంటే కేసులన్నీ పోయినట్టేనని చాలామంది అనుకుంటున్నారు. కాదు. పథకం కింద వచ్చేది డబ్బు, పునరావాసం. కేసు ఎత్తివేయాలంటే కోర్టు ఒప్పుకోవాలి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 360వ సెక్షన్‌లో మరో మెలిక చేరింది: బాధితులకు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కోర్టు అనుమతించరాదు. పాత సీఆర్‌పీసీ 321లో ఇది లేదు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో మనిషిని పోగొట్టుకున్న ఏజెన్సీ గూడెంలోని ఇంటికి ఆ నోటీసు చేరుతుందా, చేరినా కోర్టు దాకా వచ్చే బస్సు ఛార్జీ ఎవరిస్తారు అన్నది హైదరాబాదు, అమరావతి ప్రభుత్వాలు ఇప్పుడే చెప్పాలి. ఎన్‌కౌంటర్‌లో పోయినవారి ఇళ్లకూ ఇదే వర్తించాలి. పోలీసు కాల్పుల్లో మరణానికీ ఎఫ్‌ఐఆర్ తప్పదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది.