వంటిల్లు వదిలి రోము దాకా ఎందుకు?

సంపాదకులకు,

ఆంగ్లంలోని తిండి నుడికారాల మీద మీరు వేసిన వ్యాసం చదివించింది గానీ, దాని పద్ధతితో నాకు పేచీ ఉంది. ‘వర్త్ హిజ్ సాల్ట్’ అన్న మాటకు రోమన్ సైనికులకు ఉప్పే జీతంగా ఇచ్చారన్న కథను మూలంగా చూపారు. లాటిన్‌లో జీతానికీ ఉప్పుకీ చుట్టరికం ఉంది, నిజమే. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ కూడా దాన్ని ప్రస్తావించాడు. ఉప్పు కొలిచి జీతమిచ్చారని మాత్రం ఆయన రాయలేదు. నమక్ హలాల్ అన్నా, ఉప్పు తిన్న విశ్వాసం అన్నా మనకు తోచేది ఒకరి ఇంట తిన్న రుణమే. దానికి రోము సాక్ష్యం అక్కర్లేదు.

పాతబస్తీలో ‘తేరీ దాల్ నహీ గలేగీ’ అంటారు, ఆ పక్క గల్లీలోనే ‘నీ పప్పులు ఉడకవు’ అంటారు. దీని పుట్టుక పొయ్యి మీదే ఉంది. కఠినత్వమున్న బోరునీళ్లలో కందిపప్పు ఎంతసేపు మరిగినా పలుకుపలుకుగానే ఉంటుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజలోని పెక్టిన్‌ను బిగదీసి మెత్తబడనివ్వవు. కట్టెలన్నీ కాలినా లొంగని ఆ పప్పే, ఎంత పన్నినా పారని ఎత్తుకు పేరైంది. ఒక భాష రెండోదాని నుంచి అరువు తెచ్చుకుని ఉండొచ్చు కదా అనవచ్చు. కావచ్చు. అయినా తెచ్చుకున్నవాళ్ల కుండలోనూ పప్పు అలాగే మొండికేసింది కాబట్టే ఆ మాట నిలిచింది. కథలుంటేనే పాఠకుడు చదువుతాడన్న వాదనా ఒప్పుకోలేను. ఉడకని పప్పు కథ కాదా? ‘పప్పులో కాలేయడం’ గురించి కూడా ఇలాగే వెతికి రాయించండి.

— ఒక పాఠకుడు, శాలిబండ, హైదరాబాద్